చెరిపేసిన గీత

జెలెన్ కొండమీది వేధశాలలో రోజూ పొద్దున్నే ఆకాశపు నెగెటివ్ ఫొటోలున్న పాత గాజు పలకలు తుడిచే నెవ్యానా, వారం రోజులుగా ఆ గదిలోకి అడుగు పెట్టడం లేదు. వసారా ఊడ్చేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోతోంది. సన్నటి మనిషి, గాజు కనబడితే మెరిసేదాకా రుద్దనిదే ఆమె చేతికి తోచదు. పోయిన సోమవారమూ ఒక పలకను అలాగే రుద్దింది. పలక మధ్య కోడిగుడ్డు ఆకారంలో ఉన్న నల్లటి మసక పోలేదు గానీ, దాని చుట్టూ ఉన్న సిరా గీత పోయింది.

"అయ్యో పిన్నీ, అది మరక కాదు, గెలాక్సీ!" అన్నాడు అక్కడి శాస్త్రవేత్త వెల్కో. "దీనికి సుడులుండవు, గ్యాసూ దుమ్మూ ఉన్నా లేనట్టే. అన్నీ ముసలి చుక్కలే, కొత్తవి పుట్టడం ఎప్పుడో ఆగిపోయింది."

"అయితే నా ఈడుదేలే," అని నవ్వబోయిందామె.

"ఆ గీత ఆసెన్ బాబాయి ఇక్కడ పనిచేసే రోజుల్లో గీసింది పిన్నీ," అన్నాడతను మెల్లగా. "దాని పొడవూ వెడల్పూ కొలిచింది ఆయనే. కొలతలు పుస్తకంలో ఉన్నాయిలే, నేను మళ్ళీ గీస్తాను."

ఆమె ముఖం కందిపోయింది. భర్త పోయి నలభై రోజులైనా కాలేదు. ఆయన చేతి గీతను తన చేత్తోనే చెరిపేసింది.

ఇంట్లో బల్లమీద ఆసెన్ కళ్ళజోడు ఉంది. అద్దాలనిండా ఆయన వేలిముద్రలు. అలవాటుగా గుడ్డ అందుకున్న నెవ్యానా, వాటిని తుడవకుండానే గుడ్డను మడిచి సొరుగులో పెట్టేసింది.