ఓడలెందుకు గుద్దుకుంటాయో చెప్పిన సార్

ఈ ఉదయం కంది ఊరి దగ్గర పొగమంచు దట్టంగా పట్టింది. మా బస్సు లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతోంది. కిటికీ అద్దం చల్లగా, తడిగా ఉంది. పక్క రోడ్డు నుంచి ఒక లారీ హైవే మీదికి వస్తోంది. దాని హారన్ మంచులో బొంగురుగా వినిపించింది. నాకు తెలియకుండానే చెయ్యి లేపి వేలు లారీ వైపు చాచాను. పక్క సీట్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది. కాసేపటికి వేలు కొంచెం వెనక్కి జరపాల్సి వచ్చింది. అంటే లారీ మా వెనక నుంచి పోతుంది. ఊపిరి వదిలి చెయ్యి దించుకున్నాను.

ఈ అలవాటు నాకు నేర్పింది యాదగిరి సార్. ఆయన ఇంద్రేశం మనిషి, వ్యవసాయం చేసే కుటుంబం. చిన్న వయసులోనే నేవీలో చేరి చాలా ఏళ్లు యుద్ధనౌకల మీద పనిచేశారు. రిటైరై ఊరికి వచ్చాక పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీకి సేఫ్టీ ఇన్‌ఛార్జిగా వచ్చారు. నేనప్పుడు యార్డు ఊడ్చేదాన్ని. ఆ యార్డులో ఒక చెడ్డ మలుపు ఉండేది. ట్యాంకర్లు షెడ్డులోకి రివర్స్ రావాలి. వాటికి అడ్డంగా గోదాం నుంచి డ్రమ్ములతో ఫోర్క్‌లిఫ్టులు పోవాలి. సార్ రాకముందు అక్కడే ఒక హమాలీ కాలు నలిగి ఊరికి వెళ్లిపోయాడు. ఇంకొకరికి అలా జరగకూడదని సార్ వచ్చిన మొదటి రోజు నుంచి ఆ మలుపునే పట్టుకున్నారు. వారం తిరక్కముందే నా చేతికి ఎర్ర జెండా, విజిల్ ఇచ్చారు.

నేను భయపడ్డాను. ట్యాంకర్ల మీద ఏముందో బోర్డు చదవడం కూడా రాదు నాకు, వేరేవాళ్లను చూసుకోమన్నాను. "చదువు నేను నేర్పుత. సూపు మాత్రం ఎవడు నేర్పలేడు నర్సమ్మా. పొద్దంతా ఈడనే ఊడుస్తున్నవ్, ఏ బండి ఎప్పుడొస్తదో నీకు తెలుసు," అన్నారు.

అలా నలభై దాటాక క్యాంటీన్‌లో అక్షరాలు మొదలుపెట్టాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక వంటమనిషి బాలమణి కూడా వచ్చి కూర్చునేది. సార్‌కు బడి పుస్తకాల మాటలు రావు. బోర్డు మీద ఓడ, దీపం, రేవు, తీరం అని రాసేవారు. సముద్రం ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్లం ఆ మాటలు కూడబలుక్కుని చదివేవాళ్లం. చదివిన ప్రతి మాటకూ ఆయన దగ్గర ఒక ముచ్చట ఉండేది. ఆ ముచ్చట్లలో నేవీ ఓడలు, సరుకుల ఓడలు గుద్దుకున్నవే ఎక్కువ.

బాలమణికి అది నమ్మబుద్ధి కాలేదు. "గంత పెద్ద సముద్రంల రెండు ఓడలకు జాగ లేదా సార్?" అంది.

"సముద్రం పెద్దదే. తొవ్వలే చిన్నయి. అందరు గా రేవుకే పోవాలె. మన ఊరి చౌరస్తా లెక్కనే," అన్నారు సార్.

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పారు. యుద్ధనౌక బూడిద రంగులో ఉంటుంది, దీపాలు తక్కువ. దూరం నుంచి చూస్తే చిన్న పడవనుకుంటారు. తానెక్కడ ఉన్నదీ రేడియోలో అందరికీ తెలియనివ్వదు. వేగంగా పోతుంది, ఉన్నట్టుండి తిరుగుతుంది. సరుకుల ఓడ అలా కాదు. ఇంజన్ ఆపినా ఎంతో దూరం పోయిగాని నిలవదు. అంత ఓడను నడిపే గదిలో ఒకరో ఇద్దరో ఉంటారు, చుక్కాని మిషనే పట్టుకుంటుంది. యుద్ధనౌకలో నిండా మనుషులుంటారు గాని నిద్ర సరిగ్గా లేని మనుషులు. పైగా పక్కవాడు చెప్పే ఉంటాడని ప్రతివాడూ అనుకుంటాడు.

"గుద్దుకునేటోళ్లల్ల గుడ్డోడు ఎవడు ఉండడు. అందరు సూస్తనే ఉంటరు. అవతలోడు సూసుకుంటడు తియ్ అనుకుంటరు, గంతే," అన్నారు.

అప్పుడే చెయ్యి చాపడం నేర్పారు. నువ్వు కదులుతూ అవతలి బండిని వేలితో చూపించు. వేలు ముందుకు జరిగితే అది నీ ముందు నుంచి పోతుంది, వెనక్కి జరిగితే వెనక నుంచి. బండి దగ్గరవుతున్నా వేలు జరగకపోతే ఇద్దరూ ఒక్క చోటికే వస్తున్నట్టు. ఓడల మీద ఈ పని దిక్సూచితో చేస్తారట.

సొంత సంగతి ఒక్కసారే చెప్పారు. తెల్లవారుజామున ఓడ అడుగు అంతస్తులో పడుకుని ఉండగా ఒక సరుకుల ఓడ వచ్చి వాళ్ల పక్కను చీల్చింది. కళ్లు తెరిచేసరికి మోకాళ్ల వరకు నీళ్లు. అందరూ ఎలాగో పైకి ఎక్కారు, ప్రాణాలు దక్కాయి. విచారణలో తేలిందేమిటంటే, పైన ఉన్న ఆఫీసరుకు ఆ ఓడ ముందే కనిపించింది. కానీ అప్పుడే కన్నంటుకున్న కెప్టెన్‌ను లేపడానికి జంకాడు. "లేపితే తిడుతడని. తిడితే ఏమైతది? ఓ పూట మనసు బాగుండదు," అని బోర్డు తుడిచేశారు సార్.

నాకు ఆ ఆఫీసరు మీద కోపం రాలేదు. మా ఇళ్లలో మమ్మల్ని అలాగే పెంచారు. పెద్దవాళ్లు చూసుకుంటారు, నువ్వు నోరు తెరవకు అనే మాట వింటూనే పెద్దయ్యాను. విజిల్ వేస్తే ఏ డ్రైవరైనా ఆగాలన్నది సార్ పెట్టిన రూలు. స్వయంగా సారే బండిని రమ్మంటుంటే ఏం చేయాలో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రోజు వర్షం. షిఫ్టు మారే సమయం, అందరికీ తొందర. యాసిడ్ ట్యాంకర్ రివర్స్ వస్తోంది, నేను దాని వెనక మూల పక్కన నడుస్తున్నాను. సార్ అవతలి వైపు నిలబడి, "రానియ్, రానియ్" అని చెయ్యి ఊపుతున్నారు. అప్పుడు గోదాంలో నుంచి ముఖేష్ ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది. ముఖేష్ బీహార్ అతను, ఇద్దరు పిల్లల తండ్రి. ముందు డ్రమ్ములు ఎత్తుగా పేర్చుకున్నాడు, వాటి మీద నుంచి ఏమీ కనిపించదు. ట్యాంకర్ అడ్డం ఉండి సార్‌కు అతను కనిపించడు. నేను వేలు చాచాను. నడుస్తున్నాను, వేలు అక్కడే ఉంది. ఇంకా నడిచాను. జరగలేదు.

సార్ రమ్మంటున్నారు కదా, ఆయనకు తెలిసే ఉంటుంది అనుకున్నాను. ఆ మాట మనసులో పూర్తిగా అనుకున్నాను కూడా. అది ఆ ఓడలవాళ్లు అనుకున్న మాటే. విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరి ఉన్నంతవరకు ఊదాను.

ట్యాంకర్ కీచుమని నిలిచింది. ముఖేష్ బ్రేక్ వేశాడు. పై డ్రమ్ము ఒకటి ఊగి మళ్లీ కుదురుకుంది. ట్యాంకర్ వాల్వుకూ ఆ డ్రమ్ములకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి పట్టేంత సందు మిగిలింది. ముఖేష్ దిగి ఆ సందు చూసి, తడి నేల మీదే కూర్చుండిపోయాడు.

సార్ ట్యాంకర్ చుట్టూ తిరిగి వచ్చారు. డ్రైవర్లు, హమాలీలు గుమిగూడారు. అందరి ముందూ ఆయన మాట కాదన్నాను, నా పని పోయినట్టే అనుకున్నాను. "మీరు రమ్మంటుంటే ఆపిన సార్," అన్నాను.

ఆయన ట్యాంకర్‌ను చూశారు, ఫోర్క్‌లిఫ్ట్‌ను చూశారు. "ఇప్పుడేం చెయ్యాలె నర్సమ్మా?" అని అడిగారు.

నేను గోదాం వైపు చెయ్యి చూపించాను. "ఫోర్క్‌లిఫ్ట్ ఎనకకు పోవాలె సార్."

"ఫోర్క్‌లిఫ్ట్ ఎనకకు పోతున్నది," అని సార్ అందరికీ వినిపించేలా తిరిగి చెప్పారు. ఓడల మీద ఆజ్ఞ అందుకున్నవాడు అలాగే తిరిగి చెబుతాడట. చెప్పి, ముఖేష్‌ను లేపి, తానే వెనక నిలబడి బండిని గోదాంలోకి పంపించారు.

తర్వాత క్యాంటీన్‌లో ఆయన చేతిలో చాయ్ గ్లాసు వణికింది. బాలమణి ఊరుకుంటుందా. "ఓడ మునుగుతుంటే వణకలేదంటివి, మా యార్డుల వణుకుతున్నవేంది సార్?" అంది. సార్ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. చాయ్ ఒలికింది. మేమూ నవ్వాము. ఆ నవ్వులో నాకు ఏడుపు వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన వానాకాలం సార్ నిద్రలోనే కన్నుమూశారు. ఇంద్రేశంలో దినాలకు వెళ్లాను. వచ్చినవాళ్లు ఆయన ఎక్కిన ఓడల గురించి, చూసిన దేశాల గురించి మాట్లాడుకున్నారు. నన్ను కూడా ఏదైనా చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గాని ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయన వల్ల మా యార్డులో ఏ ప్రమాదమూ జరగలేదు. జరగనిదాన్ని ఎలా చెబుతారు? ఆ రోజు చెప్పలేకే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఆయన పోయాక కూడా, ఏదైనా తేడాగా కనిపిస్తే ఎంత పెద్దవాళ్లకైనా ముందే చెప్పేస్తున్నాను. కోడలు నన్ను నోరుగల్లదంటుంది. అననీ.

ఆ దినాల రోజు భోజనాల దగ్గర నేను వడ్డనకు నిలబడ్డాను. పంక్తి చివర ముఖేష్ కనిపించాడు. ఇప్పుడు అమీన్‌పూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల దగ్గర పని చేస్తున్నాడట, కొంచెం లావయ్యాడు. భార్య, పిల్లలు పక్కన కూర్చున్నారు. అతను ఆకలిగా తింటున్నాడు. నన్ను చూసి విస్తరి ముందుకు జరిపాడు.

"భాభీ, పప్పు ఇంకా జెర," అన్నాడు.

వేశాను.