పిడి ఉన్న ల్యాప్‌టాప్

మా మనవరాలి పాఠాలన్నీ ఆ పాత నీలం ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇప్పటివాటిలా పల్చని అప్పడం కాదది. బరువుగా, పైన పిడితో ఉంటుంది. మూత మడతబందు ఊడి తెర వాలిపోతే, నరసన్నపేటలో రిపేరు కొట్టతను పారేయమన్నాడు. నాకు మనసొప్పలేదు. విజయనగరంలో చూపిద్దామని రైలెక్కాను.

ఎదుటి సీటులో బొబ్బిలి వీణలు చేసే ఆయన కూర్చున్నాడు.

“ఏటమ్మా, కేరేజీ పట్టుకెల్తన్నావా?”

“కంప్యూటరు బాబూ. తల నిలబడ్డం లేదు. పిల్ల సదువంతా ఇందులోనే ఉన్నాది.”

ఆ మాట వినగానే ఆయన చెప్పులు విడిచి, దాన్ని కళ్లకద్దుకున్నాడు. “మా వీణ లాంటిదేనమ్మా” అంటూ సంచిలోని పనసచెక్క ముక్క చెక్కి, ఊడినచోట ఇరికించి, మడతబందును దానికి మరలతో బిగించాడు.

తెర నిటారుగా నిలబడింది! చీపురుపల్లిలోనే దిగి వెనక్కి వచ్చాను. ఆ కొట్టతని బల్లమీదే, అతని కరెంటుతోనే వెలిగించాను.

“ఒరే, పారీమన్నావు కదా, సూడు!”