అడిగిందని ఔననకు

మావయ్య పోయాడన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. సంత గ్రూపులో ఏదొచ్చినా సరే, పంపినవాడెవడు, వాడికి చెప్పిందెవడు అని అడక్కుండా నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే. అడిగాను. పంపింది ఆటో నడిపే మనిషి. "మీ సిస్టం మావయ్యే అమ్మా. నిన్న పొద్దోయే ఏళకి కాఫీ తోటలో కూలబడిపోనాడు. నా కల్లతో సూసినాను" అన్నాడు. అప్పటికీ అనుమానం తీరలేదు. కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళి, అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉండడం చూశాక నమ్మాను. నమ్మి, గట్టిగా ఏడ్చాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. వరస కలుపుకున్నాం, అంతే. ఏదో ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేసి, రిటైరై సొంత ఊరికి వచ్చేశాడు, అందుకే అందరికీ సిస్టం మావయ్య. నాది డుంబ్రిగుడలో ఫోటో స్టూడియో, నాన్న పెట్టింది. అందులో ఎక్స్‌పీతో నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటుంది. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడుతున్నావా అంటారు మీరు. కొత్తదీ కొన్నాను. కానీ నాన్న కొన్న ప్రింటరుకీ, నెగెటివ్ స్కానరుకీ డ్రైవర్లు కొత్తదానిలో ఎక్కవు. డ్రైవరంటే పరికరానికీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ. ఆ దుబాసీ లేకపోతే రెండూ ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకుంటాయి.

పైగా ఆ పాత డిస్కులో ఈ కొండల్లో ఉన్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ మొహాలున్నాయి. దినానికి ఫోటో కావాలంటే నా దగ్గరికే వస్తారు. పేరు చెబితే నేను వెతకలేను, ఒక్కో ఊళ్ళో ఒకే పేరు చాలామందికి. అందుకని ఏ సంతకి దిగివచ్చి తీయించుకున్నారో ఆ సంత పేరున ఫోల్డరు, లోపల ఊరు. ఇది నాన్న పెట్టిన పద్ధతి. "మనిసి సంత మార్సేత్తే ఏటి సేత్తావు గుంటా?" అని మావయ్య స్టూడియోకి వచ్చిన మొదటిరోజే అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

నిజానికి ఆయన మీద నాకూ అనుమానమే. ఈ ముసలాయన రోజూ ఎందుకొస్తాడు? అడక్కుండా నా సిస్టం ఎందుకు విప్పుతాడు? పెళ్ళిళ్ళ ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతున్నాడేమో! ఆయన కీబోర్డు మీద చెయ్యి వేస్తే నేను వెనకాలే నిలబడేదాన్ని. ఆయన తల తిప్పకుండానే అనేవాడు, "సూత్తన్నావా? సూడు. అలాగే కనిపెట్టుకుని ఉండాల. నానైనా సరే." ఇక ఆ మనిషితో ఏం దెబ్బలాడతాం చెప్పండి!

ఆయన అనుమానానికి ఒక వరస ఉండేది. ముందు వైరుని, తరవాత కరెంటుని, తరవాత డ్రైవరుని అనుమానించాలి. డిస్కు వంతు ఆఖర్న. "నిన్ను నువ్వు మాత్రం మొదట్నుంచీ అనుమానించుకో" అనేవాడు. వైర్లన్నీ పీకి, ఒక్కొక్కటే పెట్టి, మధ్యలో టీ తాగి, మళ్ళీ పెట్టేవాడు. "అందర్నీ ఒకేపాలి అనుమానిస్తే దొంగ తప్పించుకుంటాడే" అని ఆయన లెక్క. బల్ల కింద దుమ్ములో కూర్చుని ఈ మాట అంటుంటే నాకు నవ్వొచ్చేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. నవ్వు మొహమే కాదు ఆయనది.

ఒకసారి సంత రోజు కరెంటు ఠపీమని పోయి వచ్చింది. డిస్కు తెరవబోతే, దీన్ని ఫార్మాట్ చెయ్యాలి, చేసెయ్యమంటావా అని అడిగింది. బయట జనం. నేను కంగారులో ఔననబోయాను. మావయ్య మౌస్ లాగేసుకున్నాడు.

"అడిగిందని ఔనంటావేటే! ఇల్లు ఊడ్సి పారెయ్యమంటావా అని దొంగొచ్చి అడిగితే ఊఁ కొడతావా?"

"మరేటి సెయ్యాల మావయ్యా? జనం తిడతన్నారు."

"తిట్టనీ. తిట్లకి ఫోటోలు పోవు."

బాగుచేస్తానని అడిగే దాన్నే ముందు అనుమానించాలని ఆయన పట్టు. రిపేరు మొదలుపెట్టక ముందే కాపీ తీసుకోవాలి. దానికి ఆయన దగ్గర ఒక సీడీ ఉండేది. దాంతో సిస్టం లేపితే అది డిస్కుని చూస్తుందే తప్ప ఏమీ రాయదు. ఆ రోజు దాంతోనే గండం గట్టెక్కించి, ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ సీడీ నా దగ్గరే వదిలేశాడు. ఎందుకు వదిలాడా అని దానిమీదా కొన్నాళ్ళు అనుమానపడ్డాను.

ఆయన పోయిన తరవాత అత్త స్టూడియోకి దిగి వచ్చింది. దినానికి ఫోటో కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే చాలు, ఎవరికి పంపుతారోనని మొహం తిప్పేసే మనిషి. ఆధార్ కార్డు ఇచ్చింది. అందులో ఉన్నది మావయ్యో, మసక చీకటో తెలీడం లేదు.

"నీ కాడ ఉంటాదని వచ్చినాను గుంటా. ఫోటో నేకపోతే ఆయన మొకం మర్సిపోతానేమోనని బయ్యంగుంది" అంది.

ఉంది. ఒక్కటే ఉంది. ఆయన ఏ సంతకీ వచ్చి తీయించుకోలేదు కాబట్టి ఏ సంత ఫోల్డరులోనూ లేదు. వెబ్ కెమెరా పరీక్షకని ఒకసారి నేను నొక్కింది, టెస్ట్ అనే ఫోల్డరులో ఉంది. తీసెయ్యమన్నాడు. తీసేశానన్నాను. రీసైకిల్ బిన్ కూడా తెరిచి చూసే మనిషి, ఆ రోజెందుకో చూడలేదు. కావాలనే చూడలేదేమోనని నాకిప్పటికీ అనుమానం.

సిస్టం ఆన్ చేశాను. డిస్కు మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఫార్మాట్ చెయ్యమంటావా? అత్త పక్కనే కూర్చుని ఉంది. వద్దని నొక్కాను. వైరు మార్చాను, పలకలేదు. కరెంటు తీగ మార్చాను, పలకలేదు. టీ తెప్పించాను. నేను తాగాను కానీ అత్త ముట్టుకోలేదు. అప్పుడు ఆయన సీడీ వేశాను. చాలాసేపు నల్లటి తెర. తరవాత ఫోల్డర్లు ఒక్కొక్కటే కనిపించాయి. అన్నిటినీ వేరే డిస్కులోకి దింపడం మొదలుపెట్టాను. కొన్ని ఫోటోలు సగం వచ్చి కింద బూడిదరంగు తేలాయి. ఎవరి తల్లులో, ఎవరి పిల్లలో! టెస్ట్ ఫోల్డరు ఆఖర్న వచ్చింది. మావయ్య నిండుగా వచ్చాడు.

పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

అత్త తెర దగ్గరికి జరిగింది. మొహం చిట్లించింది.

"ఈ నవ్వేటి? కంపూటర్లో ఏటైనా సేసినావా?"

"నా మీదొట్టు అత్తా. నాను ముట్టనేదు."

"మరి ఎవుల్ని సూసి నవ్వినాడు? ఇటు సూడ్డం నేదే, పక్కకి సూత్తన్నాడు."

"ఎవుల్నీ కాదు. డ్రైవరు ఎక్కకపోతే కెమెరా పేరు పక్కన పసుపు గుర్తు పడతాది. పొద్దుట్నుంచీ దాంతో కుస్తీ పట్టినాడు. అప్పుడే ఆ గుర్తు పోయింది. తెరకేసి సూసి నవ్వినాడు."

"అంతేనా?"

"అంతే అత్తా."

నమ్మలేదు. నా మొహంలోకి చూసింది, మళ్ళీ తెరలోకి చూసింది. "నా ఎదర ఒక్కనాడు ఇలా నవ్వనేదు" అంది. కోపంగానే మొదలుపెట్టింది, మాట పూర్తయ్యేలోపే కొంగుతో తెర మీది దుమ్ము తుడవసాగింది. నవ్వు కనబడకుండా వేరేలా చెయ్యమంటావా అని అడిగాను. నా చెయ్యి పట్టుకుని పక్కకి నెట్టేసింది. "ముట్టకు. ఉన్నది ఉన్నట్టు ఇయ్యి" అంది.

దినం నాడు నేనూ వెళ్ళాను. కుర్చీలో ఫోటో పెట్టి బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. వంగి చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఈయనేనా? ఏరేవోడి ఫోటో గానీ ఎట్టినారేటి?" అని ఆయన తమ్ముడే అడిగేశాడు. అత్త పక్కనే పీట మీద కూర్చుని, అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు చెప్పింది. "ఆయనే. పసుపు గుర్తు పోయిందంట." ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ విప్పి చెప్పలేదు.

అందరూ భోజనాలకి లేచారు. నేను చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. అత్త పీట మీంచి లేచి, ఫోటో పక్కన నేల మీద కూర్చుంది. చెంప కుర్చీకి ఆనించి, ఆయన ఎటు చూస్తున్నాడో అటే చూస్తోంది.