నోటితో చేసిన ప్రాక్టికల్స్

మా బడిలో కంప్యూటర్ మేడమ్ పని పాఠం చెప్పడంతో అయిపోదు. దుమ్ము తుడవడం, ఊడిన వైర్లు బిగించడం, పక్క గదిలో ఫ్యాన్ తిరగకపోతే వెళ్లి చూడటం, అన్నీ ఆవిడ నెత్తినే. స్టాఫ్ రూములో మేము ఆవిడను ‘కరెంటాఫీసు’ అని ఏడిపిస్తాం. నవ్వుతుంది. ఈమధ్య నవ్వడానికి కూడా ఓపిక చాలడం లేదు.

ల్యాబ్‌లో సగం మెషీన్లు మొండికేశాయి. అందుకని ఒక్కోదాని ముందు ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ కూర్చోబెట్టింది. కలిసి నేర్చుకుంటారని ఆశ. అబ్బాయిలు వస్తూనే మౌస్ అందుకున్నారు. అమ్మాయిలు పక్కన కూర్చుని, ఏం నొక్కాలో చెప్పడం మొదలుపెట్టారు. పని చకచకా అయ్యేది, గొడవ లేదు. పిరియడ్ గడిస్తే చాలనుకునే మేడమ్, దాన్నలాగే వదిలేసింది.

వాళ్లలో దర్జీగారి అమ్మాయి మహా చురుకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య చేతిలోనే ఉండేది. అయినా ఏ మెనూలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పేసేది. పక్కన బస్సు డ్రైవరు కొడుకు, ఆమె చెప్పింది చెప్పినట్టు నొక్కేవాడు. పై క్లాసులో కంప్యూటర్ గ్రూపే తీసుకోవాలని ఆ పిల్ల పట్టుదల. దానికి ప్రాక్టికల్స్ పాసవ్వాలి. “దాని గురించి నాకు బెంగే లేదు” అనేది మేడమ్.

పరీక్ష రోజున కొద్దికొద్దిమందిని పిలిచి, ఒక్కొక్కరినీ ఒక్కో మెషీన్ ముందు కూర్చోబెట్టారు. ఆ పిల్ల ప్రశ్న చదివింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“ముందు కొత్త పేజీ తెరువు. ఇప్పుడు టేబుల్ పెట్టు...”

ఎప్పటిలాగే పైకే చెప్పేస్తోంది. వేరే బడి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఉలిక్కిపడ్డాడు. పక్కవాళ్లకు అందిస్తోందనుకుని లేపి బయటికి పంపేశాడు.

మేడమ్ ఆయన వెంటపడింది. “కాపీ కాదు సార్. ఆ పిల్లకి అలా అలవాటైపోయింది. తప్పు నాదే.”

“సరేనమ్మా, కూర్చోమనండి. మాట్లాడకుండా చెయ్యమనండి.”

కూర్చుంది. తెర మీద బాణం గుర్తు ఎటు పోతోందో అంతు చిక్కలేదు. ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటోంది. మేడమ్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ముట్టుకోకూడదు, నోరు విప్పకూడదు. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. గంట కొట్టేసరికి తెర మీద టేబుల్ కూడా లేదు.

వరండాలో డ్రైవరు కొడుకు ఎదురొచ్చాడు. “అదేంటే, అన్నీ మనం చేసినవేగా! ఎందుకు రాలేదు?”

వెక్కిరింత కాదు. పాపం, వాడికి నిజంగానే అర్థం కాలేదు.

“మనం ఎక్కడ చేశాంరా? నేను చెప్పాను, నువ్వు చేశావు” అంది ఆ పిల్ల. తర్వాత వెనకే వచ్చిన మేడమ్ వైపు తిరిగింది. “చెప్పినదానికి మార్కులేమీ ఉండవా మేడమ్?”

“ఉండవమ్మా” అంది మేడమ్.