నాలుకకు ముందు ప్రార్థన

కొరాపుట్‌లో మా హిస్టరీ టీచరమ్మ, దారిలో దొరికిన ప్రతి పాతముక్కనీ నాలుకకు ఆనించి చూసేది. అంతకుముందు, అన్నం తినబోయేటప్పటిలాగే, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది.

కకిరిగుమ్మ గట్టు మీద పిక్నిక్‌లో అడిగాను. "టీచరమ్మా, తవ్వకాల ఆఫీసర్ని అవ్వాలంటే ఏటి సదవాలి?"

"సదువు తరవాతమ్మి, ముందు నాలికని తయారు సెయ్యి. పాత ఎముకైతే అతుక్కుంటాది, రాయైతే జారిపోతాది," అంటూ ఓ ముక్క అందించింది.

"ఇది ఎండిన పేడైతేనో?"

"అందుకే గదమ్మి, ముందు ప్రార్థన!"

ఆ సాయంత్రం దాకా మా క్లాసంతా నాలుకలు చాపుకుని గట్టు మీద తిరిగాం.

ఎం.ఏ. అయ్యాక తవ్వకాల ఉద్యోగం ఇంటర్వ్యూలో పెద్దాఫీసరు ఓ ముక్క ఇచ్చి, ఏమిటో చెప్పమన్నాడు. నా కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి, పెదవులు కదిలాయి. ముక్క నాలుకకు అతుక్కుంది.

"ఎముకేనండీ!" అన్నాను.

పెద్దాఫీసరు తనూ మూసుకున్న కళ్లు అప్పుడు తెరిచి, "ఆమెన్" అన్నాడు.