దేవుడి కుండ ఎంత ఎత్తులో ఉండాలి

కలకత్తా సాల్ట్ లేక్‌లోని మా ఫ్లాటులో వంటగది పగలగొట్టి కొత్తగా కట్టిస్తున్నాం. అరల రంగులు ఎంచుకుని, పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ కూడా కొనేశాక, అసలు చిక్కు పోయిన వారం ఒక ఉదయం వచ్చిపడింది. అవన్నీ ఎంత ఎత్తున బిగించాలి? మా కోడలిది కరీంనగర్ వైపు, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం, మంచి పొడగరి. చిమ్నీ, దాని పక్క అరలు కిందికి దిగితే ఆమె నుదురు కొట్టుకుంటుంది. నేనేమో మా అమ్మ పోలిక, పొట్టిదాన్ని, వయసుతో ఇంకాస్త కుంగాను కూడా. వడ్రంగి మిస్త్రీ టేపు పట్టుకుని, "మాసీమా, కార్ హైటే కోర్బో?" అన్నాడు, ఎవరి ఎత్తుకు చెయ్యమంటారని. నేను నోరు తెరిచేలోపే కోడలు, "అత్తమ్మా, మీ చెయ్యి జర లేపుండ్రి. మీకందకుంటే ఏం ఫాయిదా?" అంది. నేను చెయ్యి ఎత్తాను గానీ, మనసు అప్పటికే నేను చిన్నప్పుడు పెరిగిన ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్లకు వెళ్ళిపోయింది.

శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనులకు వచ్చి స్థిరపడిన మన పాత కుటుంబాల వారికి ఆ వంటిళ్ళ గురించి వేరే చెప్పాలా? బొగ్గుల పొయ్యిని వసారాలో అంటించి, పొగంతా పోయాక లోపలికి మోసుకొచ్చేవాళ్ళం. మంచం వేస్తే పడక గది, మంచం ఎత్తితే ప్రార్థన గది, పొయ్యి దగ్గర కూర్చుంటే వంటిల్లు. మా చర్చి సంఘంలో ప్రతి తల్లీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. శనివారం స్త్రీల సమాజం వాళ్ళు వచ్చి అన్ని కుండలూ ఒక గోనెలోకి ఒంపుకుని, ఆ వారం రేవులో పని దొరకని ఇళ్ళకు పంచేవారు. మగవాళ్ళ కానుక ఆదివారం సంచిలో పడేది, ఆడవాళ్ళ కానుక మాత్రం ఆ పిడికెడే. చేతిలో కాసైనా ఆడని మా అమ్మకు అదొక్కటే తన సొంత కానుక.

క్వార్టరు దొరికిన సంబరంలో మా నాన్న ఓడ సరుకు పెట్టెల చెక్కలు కొనుక్కొచ్చి, స్వయంగా చిత్రిక పట్టి, గోడకు మూడు బల్లలు కొట్టాడు. నాన్న ఆరడుగుల మనిషి, భక్తిలో అంతకన్నా పొడుగు. కింది బల్ల మీద ఉప్పూ చింతపండూ, మధ్య బల్ల మీద పప్పులూ నూనే పెట్టించి, దేవుడి కుండను మాత్రం అన్నిటికన్నా పైన, దాదాపు కప్పుకు ఆనించి పెట్టాడు. ప్రభువు వంతు చింతపండు కింద ఉండటమా అని ఆయన ఆలోచన. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గుడి కట్టినవాడిలా చూసుకుని మురిసిపోయాడు.

అమ్మ ఆ బల్ల వంక చూసి, "నానేటి కొంగనా?" అంది.

"పీటెక్కీయే," అన్నాడు నాన్న.

కొన్నాళ్ళు ఎక్కింది కూడా. అయితే అవి మా తమ్ముడు కడుపులో ఉన్న రోజులు, నెలలు నిండుతున్నకొద్దీ పక్కింటి అమ్మమ్మ పీట మాటెత్తితే తిట్టేది. నాన్న డ్యూటీ నుంచి వచ్చాక ఆ పిడికెడు తానే వేస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "నా పిడికెడు నువ్వేస్తే అది నీ కానుకవుద్ది గానీ నాదేటవుద్ది?" అంది. అలా ఒక పూట వేసి రెండు పూటలు మానేసి, శనివారం వచ్చేసరికి మా కుండ అడుగు కనిపించింది. గోనె పట్టుకొచ్చిన అత్త ఒకావిడ కుండను చేత్తో ఎగరేసి చూసి, "ఏటొదినా, ఈ వారం మీ ఇంట్లో దేవుడికి ఉపాసమేటి?" అనేసరికి అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక మాత్రం ఖాళీ కుండను ఒళ్ళో పెట్టుకుని ముంగిట్లో కూర్చుంది.

మరుసటి వారం స్త్రీల ప్రార్థన మా ఇంట్లో. పాస్టరమ్మగారు మా అమ్మకన్నా పొట్టి. ఆమెన్ చెప్పి కళ్ళు తెరవగానే ఆవిడ చూపు కప్పు దగ్గరున్న కుండ మీద పడింది.

"అదెవరికి అందుతాది తమ్ముడూ, దేవదూతలకా?"

నాన్న తలుపు దగ్గర నిలబడి, చింతపండు సంగతి, ప్రభువు మర్యాద సంగతి, ఎంతో వినయంగా విన్నవించుకున్నాడు.

"ఆయన ఎత్తులోనే ఉన్నాడు, నువ్వేటి ఎత్తక్కర్లేదు. ఆయనడిగింది నీ ఇంటిదాని చెయ్యిని."

"ఉప్పు పక్కన పెట్టీమంటారేటమ్మా?"

"పెట్టీ. మనల్నే లోకానికి ఉప్పన్నాడు కదా, పక్కన కూకోడానికి ఆయనకేటి నామోషీ?"

గదంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులో అందరికన్నా పెద్ద గొంతు నాన్నదే, అదీ ఆయన మంచితనం. మర్నాడే బల్లలు ఊడదీసి, అమ్మను పొయ్యి దగ్గర నిలబెట్టి, మడమ లేవకుండా చెయ్యి చాపమని, వేళ్ళు ఆగిన చోట బొగ్గుతో గీత గీశాడు. బల్ల బిగించాక అమ్మ మొదటి పిడికెడు వేసింది. బియ్యం రాలిన చప్పుడు విని, ఇంకొక పిడికెడు తీసి అదీ వేసింది. వేస్తూ నాన్న వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆ సంగతి పాకి, మా క్వార్టర్ల వరుసలో ఉన్న వదినలూ అత్తలూ అందరూ నాన్నను పిలవడం మొదలుపెట్టారు. సెలవు రోజు వచ్చిందంటే ఆయన సుత్తి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు, నేను మేకుల డబ్బాతో వెనకాల. వాట్‌గంజ్ వైపు నుంచి వచ్చిన ఒక పొడుగాటి పిన్నికి మాత్రం బల్ల నెత్తికి కొట్టుకుంటోందని పైకి జరిపాడు. పొట్టికి కిందికి, పొడుక్కి పైకి, వంట చేసే చెయ్యే కొలత అని ఆయన అప్పటికి నేర్చుకున్నాడు.

ఇప్పుడు పిడికెడు బియ్యం లేదు, కానుక ఫోనులో పంపుతున్నాం. సంఘం పిల్లలు తెలుగు కీర్తనలను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడుతున్నారు, పాడటం మానలేదు, అందుకు స్తోత్రం. ఆ వరుసలోని వాళ్ళు చాలామంది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఒక ఇంటి కుండ తేలికైతే నలుగురికి తెలిసే రోజులు మళ్ళీ రావు.

నేను చెయ్యి దించి, కోడలిని పొయ్యి ముందు నిలబెట్టి, ఆమె ఎత్తుకే కొట్టమని మిస్త్రీకి చెప్పాను. ఇప్పుడు వంట ఆమెది, నాది కూర్చుని కూరలు తరగడం వరకే. కోడలు వాదించింది, అలిగింది, చివరికి ఒప్పుకుంది. అరలు బిగించడం అయిపోయింది, నేను గరిటె పట్టాక పై అర అందని మొదటి వంటిల్లు ఇది. టీపొడి కావాలన్నా కోడలిని పిలవాలి. నిన్న ఊరికే ఒకసారి పిలిచి చూశాను. పక్క గదిలోంచి "వస్తున్నా అత్తమ్మా" అని వినిపించింది.