అక్క తెచ్చిన టెంకాయ నీళ్లు

ఆ రోజు చెప్పుల్లో కాళ్లు పట్టలేదు. ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తుంటాను. పొద్దంతా కూర్చుని పని చేసినందుకు వాచాయేమో అనుకున్నాను. మా ఇంట్లో ఉండేది నేనూ, మా రమణక్కా. ఆమె చూడగానే కేకేసింది. "ఏమిరా ఇది, కాళ్లా స్తంభాలా? మొగం గూడా ఉబ్బిండాది. పద ఆస్పత్రికి."

అనంతపురంలో రక్తం తీసుకున్నారు, స్కానింగ్ చేశారు. రిపోర్టులు చూసి డాక్టరు, "క్రియాటినిన్ బాగా ఎక్కువుంది. కిడ్నీలు రెండూ కుంచించుకుపోయాయి. బీపీ ఎన్నాళ్లుగా ఉంది?" అని అడిగాడు. బీపీ ఉందని నాకు తెలిస్తే కదా! డయాలసిస్ తప్పదన్నాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ముందు డయాలసిస్ కోసం మెడలో క్యాథెటర్ గొట్టం వేశారు. తర్వాత డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్. రక్తనాళాలను కలిపి కుడతారు, అక్కడ వేలు పెడితే జుమ్మని అదురు తెలియాలి. నాకు కొద్ది రోజులకే ఆ అదురు ఆగిపోయింది. "ఫెయిలయింది. ఇంకాస్త పైన చేద్దాం" అన్నాడు డాక్టరు.

ఆ రోజే అక్క ఆంజనేయస్వామికి మొక్కుకుంది. ఈసారి ఫిస్టులా పనిచేస్తే చెప్పుల్లేకుండా ఆయన గుడి ఉన్న కొండకు నడిచిపోయి టెంకాయలు కొడతానని.

నేను దేవుణ్ణి నమ్మను. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ ఇదే తగువు, ఇదే కాలక్షేపం. "ఉండాడంటివి కదా, నువ్వే చూపియ్యి. మోటారు బాగుండాదన్నోడే తిప్పి చూపియ్యాల" అనేవాణ్ణి. "నీ మోటారూ నా సామీ ఒకటేనా, తిక్కలోడా? నోరు మూసుకోని దీపంలో నూనె పొయ్యి" అనేది. పోసేవాణ్ణి.

రెండో ఫిస్టులా పనిచేసింది. అక్క ఎండలో కొండకు నడిచి వెళ్లింది. అరికాళ్లు బొబ్బలతో తిరిగొచ్చి, స్వామికి కొట్టిన టెంకాయల నీళ్లు చెంబు నిండా నా చేతికిచ్చింది. "తాగురా. నమ్మకుంటే మాన్లే, చలవ చేస్తాది."

డాక్టరు నీళ్లు తగ్గించమన్నాడు, పండ్లు వద్దన్నాడు. టెంకాయ నీళ్లు మా ఇద్దరికీ ఆ లెక్కలోకి రాలేదు. మా వైపు మంచం పట్టినవాళ్లకు ముందు తాగించేది అవే. ఆ రోజు నీళ్ల వాటాలో జమకట్టుకుని చెంబెత్తి తాగేశాను. భక్తి కాదు, దాహం. డయాలసిస్ వాళ్ల దాహం ఎట్లాంటిదో ఇది చదివేవాళ్లలో కొందరికి తెలిసే ఉంటుంది.

సాయంత్రానికి కాళ్లూ చేతులూ బరువెక్కాయి, గుండె తడబడింది. ఐసీయూలో ఈసీజీ చూసి డాక్టరు, "ఏం తాగించారమ్మా?" అన్నాడు. అక్క చెప్పింది. "వాటిలో పొటాషియం ఎక్కువమ్మా, చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేది." ఆయన కసురుకోలేదు. 

నేను ఇంటికి వచ్చేసరికి దేవుడి గూట్లో దీపం లేదు. "నువ్వు చెప్పిందే నిజంరా. ఆ సామి ఉంటే నా చేత్తో నీకు విషం పోయిస్తాడా?" అంది.

ఇన్నేళ్ల వాదంలో నేనే గెలిచాను. అయినా ఆ రాత్రి "అది పొటాషియం అక్కా. దాన్ని పట్టుకోని దేవుడు లేడంటే ఎట్ల? అది రుజువు కాదు" అని నచ్చజెప్పబోయాను.

"అట్లయితే ఉండాడని నువ్వు చూపియ్యి. పెడతా దీపం."



ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నాను. షాపు మిగతా రోజుల్లో తీస్తున్నాను. అక్క బస్సులో నాతోనే వస్తుంది, రోజూ ఫిస్టులా మీద వేలు పెట్టి అదురు చూస్తుంది. తగువు మాత్రం పెట్టుకోదు. నాకు ఇప్పటికీ దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఆమె నమ్మకం నా వల్ల పోయిందే అని దిగులు. నూనె సీసా గూటి పక్కన అట్లాగే ఉంది.

డయాలసిస్ వాళ్లకు ఒక్క మాట. ఏం తినకూడదో, ఏం తాగకూడదో పేరుపేరునా డాక్టరును అడిగి ఇంట్లో అందరికీ చెప్పండి. టెంకాయ నీళ్ల సంగతి మొదట అడగండి. ఎవరైనా తీర్థమని తెచ్చిస్తే కళ్లకద్దుకుని మళ్లీ వాళ్ల చేతికే ఇచ్చేయండి. నాలాంటి నాస్తికులైనా సరే, అద్దుకోండి.